పట్నం చెత్త — పల్లె పొలం

చెత్త అనగానే ముక్కు మూసుకోవటం మనకు అలవాటు. కవితలూ, కథలూ, విహారయాత్రల ఫోటోలూ వుండే మన వార్షిక సంచికలో చెత్త మీద వ్యాసమేమిటని కొందరు నవ్వుకోవచ్చు కూడా. అయినా రాస్తున్నాను. నేను రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మా యింట్లో చెత్త అంటే వచ్చే అర్థం వేరు, యిక్కడ హాస్టల్లో చెత్త అంటే వచ్చే అర్థం వేరు. ఆ తేడా ఎట్లా వచ్చింది? దాన్ని పూడ్చటానికి మన దేశంలో ఎవరెవరు ఏం చేశారు? ఎక్కడ దెబ్బతిన్నారు? ఇదే నేను చెప్పదలచుకున్న విషయం.

పెంటకుప్ప లెక్క

మా వూళ్ళో పశువులున్న ప్రతి యింటికీ దొడ్లో ఒక పెంటకుప్ప వుంటుంది. పేడ, పశువులు తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలో బూడిద, వాకిట్లో రాలిన ఆకులు, కూరగాయల తొక్కలు అన్నీ అక్కడికే చేరతాయి. ఎండాకాలంలో దాన్ని పొలానికి తోలతారు. తుప్పు పట్టిన ఇనుము, పగిలిన ప్లాస్టిక్ బిందె మాత్రం కుప్పలోకి పోవు. వాటికి ఉల్లిపాయలిచ్చేవాడు వస్తాడు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు వస్తారు. మా నాయనమ్మ దువ్వెనకు చిక్కిన వెంట్రుకలు కూడా వుండచుట్టి గోడ సందులో దాచేది. రీసైక్లింగ్ అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. కాని చెయ్యటం తెలుసు.

దీంట్లో ఒక లెక్క వుంది. ఒక క్వింటాలు ధాన్యం పొలం దాటిందంటే దానితోపాటు కిలోకు కాస్త పైగా నత్రజని కూడా దాటిపోతుంది. భాస్వరం, పొటాష్, జింకు కూడా కొంత కొంత పోతాయి. అన్నం తినేది వూళ్ళోనే అయితే అందులో చాలా భాగం ఏదో ఒక రూపంలో తిరిగి పొలానికే వస్తుంది. తినేది పట్నంలో అయితే రాదు. పట్నం నుంచి మన పొలానికి యూరియా బస్తా వస్తుంది గాని, మన నేల నుంచి పోయింది మాత్రం ఎక్కడో చెత్తగుట్టలో కుళ్ళుతూ వుంటుంది. అందుకే చెత్త సమస్య పట్నానికే చెందిన సమస్య కాదంటాను.

ఇండోర్‌లో మొదలైన పాఠం

ఈ విషయాన్ని శాస్త్రంగా పట్టుకున్నవారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా కేంద్రానికి వచ్చాడు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేశాడు. రైతులకు నేర్పటానికి వచ్చి, తానే రైతుల దగ్గర చాలా నేర్చుకున్నానని చెప్పుకున్న మనిషి. యశ్వంత్ వాడ్ అనే సహచరుడితో కలిసి ఆయన రూపొందించిందే 'ఇండోర్ పద్ధతి'. దాని వివరాలతో వాళ్ళిద్దరి పుస్తకం 1931లో వెలువడింది.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. రెండు మూడడుగుల లోతు గుంటలో ఎండుచెత్త ఒక పొర, పేడ ఒక పొర, కాస్త బూడిద, మట్టి చల్లుతూ నింపటం. తడి ఆరకుండా చూడటం. మూడుసార్లు తిరగవెయ్యటం. మూడు నెలలకు ఎరువు తయారు.

తిరగవెయ్యటం ఎందుకంటే గాలి కోసం. చెత్తను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు రెండు రకాలు. ఆక్సిజన్ అందితే పనిచేసేవి ఒక రకం. అది అందని చోట పనిచేసేవి రెండో రకం. మొదటి రకం పనిచేసేటప్పుడు కుప్ప లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. ఆ వేడికి కలుపు విత్తనాలు, రోగక్రిములు చాలావరకు చస్తాయి. వాసన రాదు. గాలి అందకపోతే రెండో రకం దిగుతుంది. అప్పుడు పని నెమ్మది, కంపు ఎక్కువ.

రెండో సూత్రం కర్బనానికీ నత్రజనికీ వుండవలసిన పాలు. ముప్ఫై పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని వుంటే సూక్ష్మజీవులకు సరైన తిండి. వరిగడ్డిలో కర్బనం మరీ ఎక్కువ, పేడలోనూ పచ్చి కూరగాయల తొక్కల్లోనూ నత్రజని ఎక్కువ. అందుకే కలపటం. చివకని గడ్డిని అట్లాగే పొలంలో కలిపితే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేల నుంచి లాక్కుంటాయి, పైరు పసుపెక్కుతుంది. "పచ్చి పెంట వెయ్యకురా" అని మా నాన్న అనేది ఇందుకేనని నాకు కాలేజీకి వచ్చాక గాని తెలియలేదు.

1939లో సి.ఎన్. ఆచార్య 'బెంగుళూరు పద్ధతి' రూపొందించారు. వీధి చెత్త ఒక పొర, మలం ఒక పొర వేసి గుంటను మట్టితో కప్పి నాలుగైదు నెలలు వదిలెయ్యటం. తిరగవేసే ఖర్చు లేదు కాబట్టి చాలా మునిసిపాలిటీలు దీన్ని తీసుకున్నాయి. అయితే పాతకాలమంతా బంగారమని నేననటం లేదు. ఆ గుంటలకు మలాన్ని నెత్తిమీదా చేతులతోనూ మోసింది మనుషులు, అదీ కొన్ని కులాల మనుషులు. ఆ పనిని 1993లో ఒక చట్టమూ 2013లో మరింత గట్టి చట్టమూ నిషేధించాయి. ఎరువు మంచిదే కావచ్చు. మనిషిని అట్లా వాడుకున్న పద్ధతి మంచిది కాదు.

కలకత్తా తూర్పున ధాపాలో మరో విధం కనిపిస్తుంది. 19వ శతాబ్దం చివరి భాగం నుంచి అక్కడి చెత్త నేలల మీద కూరగాయలు పండించారు. పక్కన మురుగునీటి చెరువుల్లో చేపలు పెంచుతున్నారు. ఎండ, నాచు, చేపలు కలిసి నీటిని శుద్ధి చేస్తాయి. ఆ చిత్తడి నేలలకు 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది.

యంత్రాలు వచ్చాయి, పోయాయి

స్వాతంత్య్రం తర్వాత పట్నాలు పెరిగాయి, చెత్తా పెరిగింది. 1975–80 మధ్య కేంద్ర ప్రభుత్వ సాయంతో బెంగుళూరు, బరోడా, బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, జైపూరు, కాన్పూరు వంటి నగరాల్లో రోజుకు 150 నుంచి 300 టన్నుల చెత్తను కంపోస్టు చేసే యంత్రాల ఫ్యాక్టరీలు పెట్టారు. వాటిలో చాలావాటికి తాళాలు పడ్డాయి. కారణం యంత్రం ఒక్కటే కాదు. లోపలికి వచ్చిందంతా కలగలుపు చెత్త. గాజు, మట్టి, ప్లాస్టిక్ అన్నీ కలిసి మరలో పడితే కలిసే బయటికి వస్తాయి. అట్లాంటి ఎరువు కొనటానికి రైతు ముందుకు రాలేదు.

తగలబెడితే పోతుంది గదా అన్నవాళ్ళూ వున్నారు. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ సాయంతో రోజుకు 300 టన్నులు కాల్చి కరెంటు తీసే ప్లాంటు కట్టారు. అది నిలబడలేదు. మన చెత్తలో సుమారు సగం వంటింటి తడి చెత్త, పైగా రోడ్డు వూడ్చిన మట్టి. పచ్చికట్టె పొయ్యిలో పెట్టి వూదినవాళ్ళకు దీని సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. చెత్తలో వుండవలసినంత వేడి లేదు. పరాయి దేశపు యంత్రాన్ని తెచ్చేముందు మన చెత్తను పరీక్షించి వుండవలసింది.

గోబర్ గ్యాస్ కథ దీనికి భిన్నం. 1897లోనే బొంబాయి మాతుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో మురుగు నుంచి గ్యాసు తీసి దీపాలు వెలిగించారు. 1960ల మొదట్లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ గోబర్ గ్యాస్ ప్లాంట్లను పల్లెలకు తీసుకుపోయింది. 1981–82లో జాతీయ పథకం వచ్చింది. ఇక్కడ గాలి తగలకుండా పనిచేసే సూక్ష్మజీవులే మనకు కావలసినవి. అవి యిచ్చే మిథేను పొయ్యిలోకి, మిగిలిన చిక్కటి పేడనీళ్ళు పొలంలోకి.

మా పొలంలో గాజుపెంకు

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా పశువులు తగ్గిపోయి పెంట చాలలేదు. నాన్న దగ్గరి పట్నంలో చెత్త యార్డు నుంచి రెండు ట్రాక్టర్ల కంపోస్టు కొని తెచ్చారు. నల్లగా, పొడిగా చూడటానికి బాగానే వుంది. పొలంలో చిమ్మాక ఎండకు మెరిశాయి. గాజుపెంకులు, చిన్న చిన్న కవరు ముక్కలు, బాటరీ రేకులు. వేసవి సెలవులంతా నేనూ నాన్నా బుట్టలు పట్టుకుని ఏరాము. అన్నీ ఏరేశామనుకున్నాం.

వూడ్పుల రోజు పిన్ని వరసైన ఒకామె బురదలో అడుగు తీసి అడుగు వేసి కూలబడిపోయింది. అరికాలులో పెంకు దిగింది. నాలుగు కుట్లు, టెటనస్ ఇంజెక్షను. తొమ్మిది రోజులు పనిలోకి రాలేదు. ఏడాదిలో కూలి బాగా దొరికే రోజులు అవే. నాన్న ఆస్పత్రి ఖర్చూ, ఆ రోజుల కూలీ యిచ్చారు. "నీ తప్పేముందిలే బావా" అని ఆమె అంది. అయినా ఆమె కాలు చాపుకుని కూర్చున్న అరుగు ముందునుంచి నడవటానికి నాన్న మొహమాటపడి చుట్టు తిరిగి పొలం పోయేవారు. ఆ తర్వాత పట్నం ఎరువు మాట ఎత్తితే ఒకటే అనేవారు: "వాళ్ళు తినేది మనం పంపిస్తాం. వాళ్ళు మనకు గాజు పంపిస్తారా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఈ చరిత్రంతా చదివాను.

కోర్టు, రూల్సు, మనుషులు

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం వచ్చింది. లక్షలాది జనం వూరు వదిలి పారిపోయారు. చెత్త పేరుకున్న వీధుల సంగతి దేశమంతా మాట్లాడుకుంది. 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను రోజూ వీధుల్లోకి పంపించి ఆ నగరాన్ని శుభ్రం చేసి చూపించారు.

1996లో అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. వూళ్ళ చెత్తను పల్లెల పక్కన కుమ్మరిస్తున్నారన్నది ఆమె ఫిర్యాదులో ముఖ్యమైన భాగం. కోర్టు కమిటీని వేసింది. కమిటీ 1999లో నివేదిక యిచ్చింది. 2000లో దేశానికి మొదటిసారి మునిసిపల్ చెత్త రూల్సు వచ్చాయి. శుద్ధి కేంద్రాలు 2003 చివరికల్లా కట్టాలన్నారు. ఆ గడువు చాలా వూళ్ళలో కాగితం మీదే దాటిపోయింది. 2016 రూల్సు యింకో మెట్టు ఎక్కాయి. చెత్త పుట్టిన చోటే, అంటే మన యింట్లోనే, తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాలన్నాయి. హైదరాబాదులో 2015లోనే యింటికి ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. ఆ డబ్బాల్లో బియ్యం పోసుకున్న యిళ్ళు, నీళ్ళు పట్టుకున్న యిళ్ళు నాకు తెలుసు. డబ్బా పంచటం ఒక రోజు పని, అలవాటు పంచటానికి ఏళ్ళు పడుతుంది.

ప్లాస్టిక్ విషయంలోనూ మెట్టు మెట్టుగా వచ్చారు. సంచి మందం 2011లో కనీసం 40 మైక్రాన్లు, 2016లో 50, 2021 సెప్టెంబరు నుంచి 75, 2022 డిసెంబరు నుంచి 120 అన్నారు. మందం ఎందుకంటే పల్చటి సంచిని ఏరేవాడు ఏరడు. ఎన్ని ఏరితే కిలో తూగాలి? 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్ల వంటి ఒక్కసారి వాడి పారేసే వస్తువులను నిషేధించారు.

ఏరేవాళ్ళంటే గుర్తొచ్చింది. మన దేశంలో సీసా, కాగితం, ఇనుము తిరిగి ఫ్యాక్టరీకి చేరుతున్నదంటే ఆ గొప్ప చాలావరకు చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళదీ, పాత సామాన్ల కొట్లదీ. పూనాలో 1993లో వాళ్ళు సంఘంగా ఏర్పడ్డారు. తర్వాత 'స్వచ్ఛ్' అనే సహకార సంఘం పెట్టుకుని 2008లో నగర కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని యింటింటికీ వెళ్ళి చెత్త తీసుకోవటం మొదలుపెట్టారు. కుప్పలో చెయ్యి పెట్టి ఏరే మనిషి, గుమ్మంలో నిలబడి విడదీసిన చెత్త అందుకునే మనిషి అయింది. ఇద్దరూ చేసేది ఒకే పని. కాని మర్యాదలో ఎంత తేడా!

మళ్ళీ ఇండోరే

హోవర్డ్ ఎరువు చేసిన ఇండోరే 2017 నుంచి స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీల్లో వరసగా మొదటి స్థానం తెచ్చుకుంటూ వచ్చింది. అక్కడ చేసింది మంత్రం కాదు. ప్రతి యింటి ముందుకూ బండి వస్తుంది, విడదీసి యివ్వాలి. దేవగురాడియా దగ్గర ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తగుట్టను తవ్వి, జల్లించి తీసేశారు. 2022 ఫిబ్రవరి 19న అక్కడే రోజుకు 550 టన్నుల తడి చెత్తతో నడిచే బయో–సి.ఎన్.జి. ప్లాంటు ప్రారంభమయింది. రోజుకు 17,000 కిలోల గ్యాసు, 100 టన్నుల ఎరువు దాని సామర్థ్యం. సూత్రం మన గోబర్ గ్యాసుదే. తిమార్‌పూర్‌లో ఓడిపోయినట్టు ఇక్కడ ఓడిపోకపోవటానికి మూలం వంటింట్లో వుంది. తడి చెత్త తడి చెత్తగానే వస్తున్నది.

దేశం మొత్తం మీద చూస్తే దారి యింకా చాలా వుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 2020–21లో దేశంలో రోజుకు సుమారు 1,60,000 టన్నుల చెత్త పుట్టింది. శుద్ధి అయింది సుమారు 80,000 టన్నులు. అంటే సగం.

రైతు వైపు నుంచి ఒక మాట. మంచి కంపోస్టులో నత్రజని ఒక శాతం అటూయిటుగా వుంటుంది, టన్నుకు పది కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున ఇరవై కిలోల పైన వుంటుంది. నత్రజని ఒక్కటే చూస్తే రెండు టన్నులు మోసినా ఒక బస్తాకు సరిపోతుంది. నేల గుల్లబారటం, తేమ నిలవటం, సూక్ష్మజీవుల బలం యూరియా యివ్వలేదు గాని, రవాణా ఖర్చు రైతు జేబులోంచే పోవాలి. 2016లో కేంద్రం పట్నం కంపోస్టుకు టన్నుకు 1500 రూపాయల సాయం ప్రకటించింది ఇందుకే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల్లో సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు కూడా పెట్టారు. సాయమూ హద్దూ రెండూ మంచివే. కాని రైతు చేతికి గాజు తగిలితే ఏ ఉత్తర్వూ ఆ ఎరువును అమ్మలేదు.

మన మెస్ వెనక

చదివింది చేసి చూద్దామని కిందటేడు నలుగురం కలిసి మెస్ వెనక ఒక గుంట తవ్వాం. మిగిలిన అన్నం, సాంబారు, కూరల తొక్కలు వేశాం. వారానికి కంపెత్తిపోయింది. భోజనాలు మానేస్తామని పై అంతస్తువాళ్ళు గొడవ చేశారు. మా మాస్టారొకరు వచ్చి చూసి, "మీరు చేసింది కంపోస్టు కాదురా, ఊరగాయ. తడి ఎక్కువ, గాలి లేదు" అన్నారు. ఒక బుట్ట అన్నానికి రెండు బుట్టల ఎండాకు కలపటం, వారానికోసారి తిరగవెయ్యటం మొదలుపెట్టాం. ఎండాకుకు కరువేమిటి? నిద్రగన్నేరు చెట్లు గ్రౌండంతా రాలుస్తున్నాయి. ఐదో రోజున ల్యాబు థర్మామీటరు పెడితే 58 డిగ్రీలు చూపించింది. కంపు పోయింది. నూరు రోజులకు జల్లించితే మూడు గోనెసంచుల ఎరువు వచ్చింది.

జల్లెడలో మిగిలినవి మాత్రం చెప్పాలి. పాల ప్యాకెట్లు కత్తిరించినప్పుడు తెగిపడే మూలలు అరచేతినిండా. షాంపూ ప్యాకెట్లు. రబ్బరు బాండ్లు. సగం విరిగిన షేవింగు బ్లేడు ఒకటి. అది మెస్ బకెట్లోకి ఎవరు వేశారో నాకు తెలియదు. మనలో ఒకరే. బయటివాళ్ళెవరూ మన బకెట్లో చెయ్యి పెట్టరు గదా!

ఒక సంచి యింటికి తీసుకుపోయాను. నాన్న దాన్ని పాత పట్టా మీద గుమ్మరించి చాలాసేపు వేళ్ళతో కెలికి చూశారు. వాసన చూశారు. "ఏమేం ఏరావు?" అని అడిగారు. పాల ప్యాకెట్ల మూలలని చెప్పాను. బ్లేడు సంగతి చెప్పలేదు, నోరు రాలేదు. "వంకాయ మడిలో వెయ్యి. వరి పొలంలో వద్దు" అన్నారు. ఆయన నమ్మకం అంతవరకే వచ్చింది. అది తప్పని నేననలేను.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. మన అమ్మనాన్నలు చెప్పుల్లేకుండా బురదలో దిగేవాళ్ళే. విద్యార్థి సంఘానికి నా విన్నపం ఒకటే. ప్రతి మెస్ దగ్గరా మూడు డబ్బాలు పెట్టించండి. తినే వస్తువులకు ఒకటి, కాగితం, ప్లాస్టిక్, సీసాలకు ఒకటి, బ్లేడు, బాటరీ, బల్బులకు మూత వున్న చిన్నది ఒకటి. శానిటరీ నాప్కిన్లను కాగితంలో చుట్టి విడిగా యిచ్చే ఏర్పాటు లేడీస్ హాస్టల్లో వుండాలి. పాల ప్యాకెట్టును మూల తెగిపడకుండా గాటు మాత్రం పెట్టమని వంటవాళ్ళకు చెప్పండి. దీనికి గ్రాంటు అవసరం లేదు.

వచ్చే వేసవికి యింకో మూడు సంచులు వస్తాయి. ఈసారి జల్లెడలో బ్లేడు దొరకకపోతే పాత బ్లేడు సంగతి కూడా నాన్నకు చెప్పెయ్యాలనుకుంటున్నాను. అది మీ చేతిలో వుంది.

— ఒక బి.ఎస్సీ. విద్యార్థి, ద్వితీయ సంవత్సరం